హిసాబ్ అడగడం గునా కాదు



ఆర్మూర్ పసుపు మీద బతికేటోళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కుప్పను పైపైన చూసి ఎవరూ పసుపు కొనరు. ఖరీదుదారు వచ్చి కుప్ప అడుగుదాకా చెయ్యి పెడతాడు. గుప్పెడు కొమ్ములు బయటికి తీస్తాడు. ఒకటి విరిచి లోపలి రంగు చూస్తాడు, తేమ ఉందా అని చూస్తాడు. రైతు ఎంత దీన్‌దార్ అయినా, ఎంత పెద్ద ఖాందాన్ వాడైనా చూడకుండా మాత్రం రేటు చెప్పడు. రైతు కూడా దాన్ని బేఇజ్జతీ అనుకోడు. సౌదా అంటే అట్లనే ఉంటది.

మరి అదే రైతు పసుపు అమ్మిన పైసలు చేతిల పట్టుకుని, "సూద్ లేని మునాఫా, వంద శాతం హలాల్" అని బోర్డు పెట్టినోడి దగ్గరికి పోతే ఎందుకు చెయ్యి పెట్టి చూడడు? కొడుకు దుబాయి ఎండల పదేళ్లు నిలబడి పంపిన పైసలు, బిడ్డ షాదీ కోసం తల్లి బీడీలు చుట్టి దాచిన పైసలు ఇచ్చేసి, ఒక కాగితం ముక్క తీసుకుని "అల్లా మాలిక్" అంటూ ఇంటికెందుకు వస్తాడు? హిసాబ్ ఏమైనా అడిగినవా భాయ్ అంటే, "అస్తగ్‌ఫిరుల్లా! అంత పెద్ద మనిషి, పాంచ్ వక్త్ నమాజీ, ఆయన్ని హిసాబ్ అడుగుతమా?" అంటాడు.

నా ఝగ్డా మొత్తం ఈ మాటతోనే. హిసాబ్ అడగడం అదబ్ కాదని, పైసలు ఎటు పోతున్నయో అడిగితే ఈమాన్ కమ్‌జోర్ అయినట్టేనని మన ఇండ్లలో ఎవరో నేర్పిపెట్టారు. అట్ల నేర్పినోళ్లు దీన్‌కి ఖిద్మత్ చేయలేదు. దొంగకి దర్వాజా తీసిపెట్టారు.

బజారులో చెయ్యి పెట్టి చూసింది ఎవరు?

సహీహ్ ముస్లింలో ఒక హదీస్ ఉంది, మీరూ వినే ఉంటారు. రసూలుల్లా (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ఒక ధాన్యం కుప్ప దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్లకి తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకి తడిసిందని ఆ వ్యాపారి చెప్పాడు. తడిసినదాన్ని జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ధోకా చేసేటోడు తన వాడు కాడని కూడా ఖుల్లంఖుల్లా చెప్పారు. ఆ వ్యాపారి నమాజీ అవునా కాదా అని ఆయన విచారించలేదు. నేరుగా మాల్ చూశారు.

ఇంకో వాఖియా. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) తన తిజారత్ మాల్ ఇచ్చి ఆయన్ని షామ్‌కి పంపించిన సంగతి సీరత్ కితాబులన్నింటిలో ఉంటది. అప్పటికే మక్కా మొత్తం ఆయన్ని అల్-అమీన్ అని పిలుస్తోంది. అయినా ఆమె తన మనిషి మైసరాను వెంట పంపారు. తిరిగొచ్చినంక మైసరా ప్రయాణం సంగతులన్నీ ఆమెకి చెప్పాడు. అల్-అమీన్ వెంట ఒక మనిషి పోయినప్పుడు, మన కాలపు కంపెనీ చైర్మన్ వెంట ఒక ఆడిటర్ ఉండాలంటే ఆయనకి కోపం ఎందుకు రావాలి?

సూరా బఖరాలో అన్నింటికంటే పొడుగు ఆయత్ దేని గురించో ఒక్కసారి తీసి చూడండి. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోండి, గవాహీ పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అని చెప్పే ఆయత్ అది. కాగితం, సాక్షి, గడువు. ఇంగ్లీషు చదువుకున్నోళ్లు కార్పొరేట్ గవర్నెన్స్ అని పెద్ద పేరు పెట్టిన దానికి బునియాద్ ఇదే. పైసలు పెట్టినోడికి, వాటిని నడిపేటోడు జవాబ్‌దార్‌గా ఉండాలి. ఉంటానని నోటితో చెబితే చాలదు, కాగితం మీద కనిపించాలి.

హీరా, ఐఎంఏ: మనం మరిచిపోవద్దనుకునేవి

హైదరాబాద్ కేంద్రంగా నౌహెరా షేక్ నడిపిన హీరా గ్రూప్ మన తెలుగు ముస్లిం ఇండ్లలో ఎంత లోపలిదాకా పోయిందో అందరికీ తెలుసు. బంగారం తిజారత్ అన్నారు, సూద్ లేదన్నారు, ఏడాదికి 36 శాతం దాకా మునాఫా అని ఆశ పెట్టారు. 2018లో ఆమె తన సొంత పార్టీ తరఫున కర్ణాటక ఎన్నికల్లో అభ్యర్థుల్ని నిలబెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు. 1 లక్షా 70 వేలకు పైగా మంది నుంచి 5,600 కోట్ల రూపాయల దాకా వసూలైనట్టు ఈడీ చెప్పింది. కేసులు సుప్రీంకోర్టుదాకా పోయాయి. ఎవరు ముజ్రిమ్, ఎవరు కాదు అని తేల్చేది అదాలత్, నేను కాదు. నా సవాల్ వేరే. అంతమంది అన్ని కోట్లు ఇచ్చేటప్పుడు, ఎంతమంది ఆ కంపెనీల బ్యాలెన్స్ షీట్ అడిగి చూశారు?

ఆ తర్వాత 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ కూలింది. నడిపిన మన్సూర్ ఖాన్ ఒక ఆడియో వదిలి దుబాయికి పోయాడు. జులైలో ఢిల్లీకి తిరిగొస్తే పట్టుకున్నారు. 40 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆ కంపెనీ చేసిన ఒక పని బాగా గమనించాలి. జనం ఇచ్చే పైసల్ని డిపాజిట్ అనకుండా, వాళ్లందర్నీ ఎల్‌ఎల్‌పీలో భాగస్వాములుగా రాయించుకుంది. డిపాజిట్ అంటే రిజర్వ్ బ్యాంక్ వచ్చి అడుగుతది, షరీక్ అంటే అడగదని లెక్క. కానీ షరీక్ అంటే మన ఫిఖ్‌లో ఎవరు? దుకాణంలో హిస్సా ఉన్నోడు, ఖాతా తెరిపించి చూసే హక్ ఉన్నోడు. ఈ షరీక్‌లకి మాత్రం చేతికి ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. ఖాతా పుస్తకం వాసన కూడా తగలనియ్యలేదు.

అదే ఐఎంఏ శివాజీనగర్‌లో ఒక సర్కారీ స్కూలుని బాగుచేసి మంచి పేరు తెచ్చుకుంది. ఖైరాత్ చేసేటోడు ధోకా చేస్తడా అని జనం అనుకున్నారు. ఖైరాత్ ఎవరి పైసలతో చేస్తున్నాడని అడగలేదు. నా పైసలు నాకు తెలియకుండా ఖైరాత్ చేస్తే సవాబ్ ఎవరి ఖాతాలో పడతది?

36 శాతం ఎక్కడిది?

కాగితం, పెన్సిల్ తీసుకోండి. ఏడాదికి 36 శాతం చొప్పున, వచ్చిన మునాఫాని మళ్లీ అందులోనే పెడితే లక్ష రూపాయలు మూడేళ్లలో రెండున్నర లక్షలవుతాయి. ఆర్మూర్‌లో ముప్పై ఏళ్లుగా పసుపు వ్యాపారం చేస్తున్న ఏ సేఠ్‌నైనా అడగండి, ప్రతి ఏడాదీ, తప్పకుండా, అంత మిగుల్తదా అని. 2019లో క్వింటాల్‌కి 5 వేల చుట్టూ తిరిగిన పసుపు 2024లో 15 వేలు దాటింది. అసలు తిజారత్ అట్ల ఉంటది. ఒక ఏడు గోడౌన్ నింపినోడు బాగుపడతాడు, ఇంకో ఏడు అదే గోడౌన్ అతన్ని ముంచుతది. నష్టమే రాని తిజారత్ అని ఎవరైనా చెప్తే, అక్కడ తిజారత్ జరగడం లేదని అర్థం. పాతవాళ్లకి కొత్తవాళ్ల పైసలు పంచుతున్నారేమో చూసుకోవాలి.

దీన్ ప్రకారం చూసినా ఈ వాదా నిలబడదు. ముజారబత్‌లో ఒకరు రఖమ్ పెడతారు, ఇంకొకరు మెహనత్ చేస్తారు. లాభం వస్తే ముందే అనుకున్న హిస్సా ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే రఖమ్ పెట్టినోడే భరిస్తాడు. నీ అసలు భద్రం, నెలకింత ఖాయం అని ముందే చెప్పారంటే, దాని మీద ఏ పేరు రాసినా అది సూద్ కిందికే వస్తది. ఇది మదర్సాలో రెండో, మూడో ఏడు చదివే పిల్లవాడికి కూడా తెలిసిన మస్‌అలా. మరి ఆ కంపెనీల జల్సాల్లో స్టేజీ ఎక్కి దువా చేసిన పెద్దలకి తెలియదా? తెలిసి చెప్పలేదా? వాళ్లు కౌమ్‌కి జవాబ్ బాకీ ఉన్నారు. ఇప్పటిదాకా ఇవ్వలేదు.

పైసలు పోగొట్టుకున్నోళ్లని లాలచ్ అని తిట్టడం మాత్రం నాకు నచ్చదు. వాళ్లలో చాలామంది బ్యాంకులో సూద్ హరామ్ అని సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీ కూడా తీసి పేదోళ్లకి ఇచ్చేసే మనుషులు. పైసలు ఇంట్లో పెడితే ఖర్చయిపోతాయి, బ్యాంకులో పెడితే సూద్, భూమి కొనాలంటే చాలవు. ఆ మజ్బూరీలో ఉన్న వితంతువు దగ్గరికి, రిటైరైన మాస్టర్ దగ్గరికి, గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన డ్రైవర్ దగ్గరికి ఎవరో దీన్ పేరు చెప్పుకుని వచ్చారు. వాళ్ల తఖ్వానే వాళ్ల మీద వాడుకున్నారు. మామూలు మోసగాడు జేబు మాత్రమే కొడతాడు. వీళ్లు జేబుతో పాటు భరోసా కూడా కొట్టారు. రేపు నిజంగా హలాల్ తిజారత్ చేసే కుర్రాడు రఖమ్ కోసం వచ్చినా ఎవరూ నమ్మని హాల్ తెచ్చిపెట్టారు.

మన ఊరి ఎర్రజొన్న కిస్సా

ఇది ముస్లిముల బీమారీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆర్మూర్‌లో ఎర్రజొన్న పండించే రైతుల్లో అన్ని కౌమ్‌ల వాళ్లు ఉన్నారు. ఆ పంట తినడానికి కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో పశువుల మేతకి విత్తనంగా పోతది. విత్తనం ఇచ్చేది వ్యాపారే, పంట కొనేదీ వ్యాపారే. మధ్యలో ఉన్నది జబాన్. ఇంత రేటుకి కొంటానని మాట. పంట చేతికొచ్చేసరికి వ్యాపారులంతా సిండికేట్ అయితే ఆ మాటకి గవాహీ ఎవరు?

2008లో ఇక్కడ పంట తీసుకుని పైసలు ఇవ్వలేదని రైతులు రోడ్డెక్కారు. అది పోలీసు కాల్పులదాకా పోయింది. ఆ బకాయి తీరడానికి 2014 దాకా పట్టింది. అప్పుడు కూడా తీర్చింది సర్కారీ ఖజానా, సుమారు 11 కోట్ల రూపాయలు. అంటే ఒక ప్రైవేటు సౌదాలో ఎగ్గొట్టిన పైసలు మనందరి టాక్స్‌లో నుంచి పోయాయి. 2018లో మళ్లీ రేటు పడగొడితే రైతులు మళ్లీ రోడ్డెక్కారు, సర్కార్ క్వింటాల్‌కి 2,300 ఇచ్చి కొనాల్సి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో పసుపుకి 15 వేలు, ఎర్రజొన్నకి 3,500 కావాలని ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు. 144 సెక్షన్ పెట్టారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులే. చివరికి 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

బోర్డు వచ్చింది, షుకర్. కానీ బోర్డు వచ్చి మన కాంటా దగ్గర కూర్చోదు. యార్డులో అమ్మిన రైతుకి తక్‌పట్టీ చేతికి ఇవ్వాలి, అందులో తూకం, రేటు, తరుగు, హమాలీ అన్నీ రాసి ఉండాలి. యార్డు బయట రాత్రిపూట బిల్లు లేకుండా లారీ ఎక్కే సరుకుని మన దగ్గర జీరో దందా అంటారు. ఆ దందాలో రైతుకి కాగితం ఉండదు, సర్కారుకి పన్ను ఉండదు. రేపు పైసలు ఎగ్గొడితే అదాలత్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. హీరా డిపాజిటర్, ఎర్రజొన్న రైతు ఒకే గుంతలో పడ్డారు. ఇద్దరూ నమ్మింది మనిషిని. ఇద్దరి చేతిలో పక్కా కాగితం లేదు.

"పెద్ద కంపెనీల్లో మాత్రం జరగదా?"

జరుగుతది. సత్యం కంప్యూటర్స్ చూడండి. హైదరాబాద్ కంపెనీ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా షేర్లు. ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్. 2008లోనే మంచి కార్పొరేట్ గవర్నెన్స్ అని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. ఆ డిసెంబర్ 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మైటాస్ కంపెనీలని సత్యం పైసలతో కొనడానికి బోర్డు ఒప్పుకుంది. పైసలు పెట్టిన ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజుగారే లెటర్ రాసి ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవు. 2015 ఏప్రిల్‌లో ఏడేళ్ల శిక్ష పడింది.

దీన్ని చూపించి, "ఆడిట్ ఉన్నా మోసం ఆగలేదు కదా, మరి హిసాబ్ ఎందుకు?" అనే భాయ్‌లు ఉన్నారు. ఆ లాజిక్ తలకిందులుగా ఉంది. సత్యంలో కాగితాలున్నాయి, అడగాల్సిన కుర్చీలో కూర్చున్నోళ్లు అడగలేదు. బ్యాంక్ బ్యాలెన్స్ నిజమా కాదా అని బ్యాంకునే నేరుగా అడిగి తేల్చుకోవాల్సినోళ్లు, చూపించిన కాగితాన్ని నమ్మేశారు. ఇన్వెస్టర్లు అడిగిన రోజే మైటాస్ సౌదా ఆగింది. ఆ మూడు వారాల్లోనే అసలు గుట్టు బయటపడింది. తర్వాత కొత్త మేనేజ్‌మెంట్ వచ్చి కంపెనీ నిలబడింది, ఉద్యోగాలు చాలావరకు నిలబడ్డాయి. మన హలాల్ కంపెనీల్లో ఏం నిలబడింది? కాగితం ఉన్న చోట కనీసం ఏది ఎవరి హక్కో తేల్చవచ్చు. కాగితమే లేని చోట ఆరేళ్లు, ఏడేళ్లు కోర్టు మెట్లు ఎక్కడమే మిగుల్తది.

"ఇదంతా మన కౌమ్ మీద సాజిష్" అనేటోళ్లకి కూడా ఒక మాట. సాజిష్ ఉండొచ్చు, నేను కాదనను. కానీ సాజిష్‌ని తిప్పికొట్టే హథియార్ సాఫ్ ఖాతా ఒక్కటే. ఏటా ఆడిట్ చేయించి, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎక్కడ పెట్టాం అని మెంబర్లందరి ముందు పెట్టే సంస్థ మీద ఎవడైనా ఎన్ని ఇల్జామ్‌లు వేసినా నిలబడవు. "మన పరువు పోతుంది, బయట మాట్లాడొద్దు" అని నోళ్లు మూయించినోళ్ల వల్లే పరువు అఖ్‌బార్ల మొదటి పేజీ ఎక్కింది.

ముందు మన గల్లీలో

బెంగళూరు, హైదరాబాద్ సంగతి తర్వాత. మన మసీదు కమిటీ ఏడాది హిసాబ్ నోటీస్ బోర్డు మీద పెడుతుందా? దుకాణాలకి వచ్చే కిరాయా ఎంత, ఖర్చు ఎంత అని జుమా రోజు చదువుతున్నారా? చాలా చోట్ల చదువుతారు, మాషా అల్లా. చదవని చోట ఎందుకు చదవడం లేదు? హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఒంటి మీది బట్ట ఎక్కడిదని ఖుత్బా మధ్యలో ఒకతను లేచి అడిగితే, కొడుకుని గవాహీకి నిలబెట్టి హిసాబ్ చెప్పారని మన బయాన్లలో ఎన్నిసార్లు చెప్పుకుంటాం! ఆ వాఖియా చెప్పి ఏడిపించే మనమే, కమిటీ సదర్‌ని ఎవరైనా కుర్రాడు లేచి హిసాబ్ అడిగితే "కూర్చో, ఫిత్నా చేయకు" అంటాం.

మన దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లకి జీతం ఏ తారీఖున ఇస్తున్నాం? పార్ట్‌నర్‌షిప్‌లో ఇద్దరన్నదమ్ములు పెట్టిన వ్యాపారానికి రాసుకున్న కాగితం ఉందా? చిట్టీ నడిపే భాయ్ దగ్గర రిజిస్టర్ ఉందా? రేపు ఆయన ఇంతెఖాల్ అయితే ఎవరికి ఎంత బాకీ అని ఇంట్లోవాళ్లకి తెలుస్తుందా? తెలియకపోతే ఆ బాకీల బోఝా ఆయన బేవా మీద, యతీమ్ పిల్లల మీద పడతది. కాగితం లేకపోవడం భరోసాకి నిషాన్ అని గర్వపడే ముందు ఇది ఆలోచించండి.

ఇక ఎవరైనా మీ ఇంటికి వచ్చి హలాల్ మునాఫా అంటే, చాయ్ తాగించి నాలుగు మాటలు అడగండి. ఒకటి, ఈ కంపెనీ కిందటి మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు ఏవి? కంపెనీల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, కాబట్టి ఇవ్వడం కుదరదనే మాట నడవదు. రెండు, జనం దగ్గర పైసలు తీసుకోవడానికి మీకు ఏ ఇజాజత్ ఉంది? 2019 నుంచి ఇజాజత్ లేని డిపాజిట్ పథకాల మీద దేశమంతటా చట్టపరంగా నిషేధం ఉంది. మూడు, నష్టం వస్తే ఎవరు భరిస్తారు? "నష్టమే రాదు" అంటే చాయ్ అయిపోయినట్టే, లేపి పంపించండి. నాలుగు, మిమ్మల్ని హిసాబ్ అడిగే మనిషి ఎవరు, ఆయన మీ చుట్టమా, మీ జీతగాడా?

ఈ నాలుగు మాటలకి కోపం తెచ్చుకున్నోడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. గడ్డం ఎంత పొడుగున్నా, హజ్ ఎన్నిసార్లు చేసినా.

ఉలమా హజ్రత్‌లకి నా గుజారిష్ ఒకటే. ఏ కంపెనీ స్టేజీ మీదికి పిలిచినా, ముందు ఆ కంపెనీ హిసాబ్ చూసి, అర్థం కాకపోతే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో చూపించి, ఆ తర్వాతే దువాకి చేతులెత్తండి. మీ చేతులు చూసి జనం పైసలు ఇస్తున్నారు. ఆ చేతులకి కూడా హిసాబ్ ఉంటది, ఇక్కడ కాకపోతే అక్కడ.

పసుపు సీజన్ వస్తుంది. అమ్మిన ప్రతి క్వింటాల్‌కి తక్‌పట్టీ అడిగి తీసుకోండి. ఆ పైసలు ఎక్కడ పెట్టినా అంతే గట్టిగా రసీదు అడగండి. రిజ్క్ అల్లా ఇచ్చిన అమానత్. దాన్ని చూసుకోవడం మన జిమ్మేదారీ.

ఖుదా హాఫిజ్.